ఆదివారం గుడ్లు

మార్తమ్మ కుడిచెయ్యి కోడి కడుపు కింద ఉంది. ఎడమచేత్తో దాని వీపు నిమురుతూ, కుడిచేతి వేళ్లను గడ్డిలో మెల్లగా కదిలించి, వెచ్చగా తగిలిన గుడ్డును అరచేతిలోకి తీసుకుంది. కోడి ఒకసారి గొణిగి ఊరుకుంది. గుడ్డుకు అంటుకున్న గడ్డిపరకను గోటితో తీసేసింది గాని, కొంగుతో తుడవలేదు. పక్కన గంపలో పోసిన ఊకలో, సన్నకొన కిందికి ఉండేటట్టు దాన్ని గుచ్చి పెట్టింది.

అది 1963, ఏప్రిల్ నెల. వరంగల్లు రంగశాయిపేట చివర, క్రైస్తవుల వాడలో, మార్తమ్మకు పన్నెండు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. చలికాలంలో రోజుకొకసారి గుడ్లు తీసినా చెల్లుతుంది. ఎండలు ముదిరాక ఆమె మూడుసార్లు తీసేది. గూట్లో ఒక పూట మరచిపోయిన గుడ్డు, పొదుగుకు పెట్టకపోయినా, ఆ వేడికే లోపల నెత్తురుపోగు వేసుకోవడం మొదలుపెడుతుంది. వాడలో ఆడవాళ్లకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నవ్వేవారు. "నీ కోళ్లకు నువ్వే అత్తవైనవ్ మార్తక్కా, జర సేపు కూసోనియ్యవు" అని పక్కింటి ప్రమీల ఆటపట్టించేది. వారం తిరిగాక ప్రమీలే మురిగిన గుడ్డు ఒకటి పట్టుకుని, ముక్కు మూసుకుని వచ్చేది.

ఆమెకు ఈ పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పరకాల పక్క పల్లె నుంచి పదహారేళ్లప్పుడు ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. అప్పుడు అత్త దీనమ్మకు మూడే కోళ్లు. గుడ్లు పొయ్యి మీది ఉట్టిలో ఉండేవి. మొదటి ఎండాకాలంలోనే, పాస్టరు గారు భోజనానికి వచ్చిన రోజున కొత్తకోడలు ఎనిమిది గుడ్లు పగలగొడితే అయిదు కుళ్లినవి వచ్చాయి. ఆ వాసన ఇంట్లోంచి మూడు రోజులు పోలేదు. ఆమె మనసులోంచి అసలే పోలేదు. తర్వాత ఆమె ఒక గుడ్డు బూడిదలో, ఒకటి తవుడులో, ఒకటి జొన్నల్లో, ఒకటి నీళ్లకుండ కింది తడి ఇసుకలో పెట్టి, పది రోజులయ్యాక నాలుగూ పగలగొట్టి చూసింది. బూడిదలోది ఎండింది. తవుడులోది బూజు వాసన పట్టింది. జొన్నల్లోది నీరుగారింది. ఇసుకలోది మాత్రం నిన్న పెట్టినట్టుగా, పచ్చసొన పళ్లెం మధ్యలో గుండ్రంగా నిలబడింది. ఆ తర్వాత మిషన్ బంగళాలో వంట చేసిన ముసలి పౌలు, సున్నపు తేటలో గుడ్లు మూడు నెలలు నిలవ చేసే పద్ధతి చెప్పాడు. చెప్పినట్టు చేసి, రెండుసార్లు పాడుచేసి, మూడోసారికి ఆమె చేతికి అది వచ్చింది.

ఆమె భర్త యోసేపు వడ్రంగి. యేసును పెంచిన వడ్రంగి పేరు పెట్టినందుకే ఆ పని అబ్బిందని వాడంతా అనేది, అతనూ కాదనేవాడు కాదు. భార్యకు ఉన్నంత పని పట్టుదల అతనికీ ఉండేది గాని, దానితోపాటు మాటలు కూడా ఉండేవి. వాళ్లకు పిల్లలు లేరు. కోళ్లకు గూళ్లు అతనే చేశాడు. గుడ్లు నిలబెట్టడానికి ఒక టేకు పలకకు ముప్పై రంధ్రాలు తొలిచి ఇచ్చాడు. నాటుకోడి గుడ్లు ఒక్క తీరుగా ఉండవని రంధ్రాలను మూడు కొలతల్లో తొలిచాడు. చేతిలో పట్టుకుపోవడానికి ఆరు రంధ్రాల చిన్న పలక, దానికొక పిడి కూడా చేశాడు. అన్నిటికంటే వింత, ఇంటి తూర్పు తలుపుకు గుడ్డు పట్టేంత రంధ్రం ఒకటి కొట్టాడు. పొద్దున తలుపు మూస్తే గదంతా చీకటి, ఆ రంధ్రం ఒక్కటే వెలుగు. దాని దగ్గర గుడ్డును పట్టి తిప్పితే లోపలంతా కనిపిస్తుంది. మొద్దుకొన వైపు గాలి అర చిన్నగా ఉంటే తాజాది, పెద్దదైతే పాతది, లోపల నల్లనీడ తిరిగితే పారేసేది.

"ఊరందరికి తలుపులు జేస్తడు, సొంత తలుపుకు బొక్క కొట్టుకున్నడు" అని జనం నవ్వితే, "నా పెండ్లానికి కండ్లు తలుపుకే ఉంటయి" అనేవాడు యోసేపు.

ఆ ఇంట్లో మార్తమ్మ చెయ్యి పెట్టని గుడ్లు కొన్ని ఉండేవి. ఆదివారం నాడు కోళ్లు పెట్టినవి ప్రభువువి. ఆ వాడలో కోళ్లున్న ప్రతి ఇంటా అదే ఆచారం. వారమంతా పొయ్యి దగ్గర తీసిపెట్టిన పిడికెడు బియ్యంతో పాటు, ఆ గుడ్లను మరుసటి ఆదివారం గుడికి తీసుకుపోతే, ఆరాధన అయ్యాక వేలం వేసేవారు. ఈ ఇంట్లో అది దీనమ్మ హక్కు. కళ్లలో పొరలు కమ్మి మనుషుల ముఖాలు పోల్చలేకపోయినా, ఆదివారం నాడు గూళ్లలో చెయ్యి పెట్టేది ఆమే. వాటికి ఆమెదే ఒక బుట్ట, ఆ బుట్టకు ఒక తెల్లగుడ్డ. అటువైపు కోడలు చూసేది కాదు.

అంతకుముందటి శీతాకాలమంతా యోసేపు దగ్గాడు. మొదట రంపపుపొట్టు అన్నారు. మాఘమాసంలో దగ్గులో నెత్తురు పడింది. ఊరికి అవతలివైపు, రెండు కోసుల దూరంలో ఉన్న మిషన్ దవాఖానలో క్షయవార్డులో చేర్చుకున్నారు. రోజూ సూది, మాత్రలు, పాలు ఇచ్చేవారు. డాక్టరమ్మ మార్తమ్మను పిలిచి మెల్లగా చెప్పింది. ఒంట్లో సత్తువ లేదు, మందు ఒక్కటే సరిపోదు, రోజూ పొద్దున పాలలో ఒక పచ్చిగుడ్డు కలిపి తాగించాలి. ఎండాకాలం దాటి, జూన్ మొదట్లో వచ్చే మృగశిర కార్తె దాకా నిలబడితే ఇంటికి పంపుతానంది. మార్తమ్మకు ఆ మాటల్లో తన చేతిలో ఉన్నది ఒక్కటే కనిపించింది. రోజుకొక గుడ్డు, మంచిది, పచ్చిగా తాగదగినది.

ఏప్రిల్ మూడో వారంలో వాడలో కోళ్లకు కొక్కెర తెగులు వచ్చింది. మొదట ప్రమీల కోడి మెడ వంకర తిప్పుకుని గోడ పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం నుంచి మార్తమ్మ తన ఇంట పెట్టిన గుడ్డు ఒక్కటి కూడా దాచలేదు. అంతకుముందువి వేరే ఉన్నాయి. తొమ్మిది రోజుల్లో పన్నెండు పెట్టలూ పుంజూ పోయాయి. గూళ్లకు సున్నం కొట్టి, తలుపులు తెరిచి ఎండకు వదిలేసింది. వాడలన్నిటా గూళ్లు ఖాళీ అయ్యాయి. బజారులో గుడ్లు దొరకకపోలేదు గాని, సంతకు సంతకు ఎండలో తిరిగి వచ్చిన అవి, ఉడకబెట్టి తినేవాళ్లకు చెల్లుతాయేమో. ఆమె వాటిని తీసుకుని చెవి దగ్గర ఊపి, లోపల గలగలమంటే మళ్లీ అక్కడే పెట్టి వచ్చింది.

ఇంట్లో మంచివి ఇరవై తొమ్మిది ఉన్నాయి. మృగశిరకు దాదాపు నలభై రోజులు.

ఇసుకలో ఇన్నాళ్లు నిలవవు. పౌలు చెప్పిన కుండే దిక్కు. ఆమె పాత నీళ్లకుండకు లోపల సున్నం పూసి ఆరబెట్టింది. చల్లార్చిన సున్నం నీళ్లలో కలిపి, తేరనిచ్చి, పైతేటను వేరే వంచుకుంది. ఇంటి వెనుక చలువ మూలలో గుంట తీసి, తడి ఇసుక నింపి, కుండను మెడదాకా దించింది. గుడ్లను రెండేసి చెవి దగ్గర తాకించి చూసింది. కంటికి కనిపించని పగులు ఉంటే ఆ చప్పుడు మొద్దుగా వస్తుంది. అప్పుడే గుడి దగ్గరి నుంచి దీనమ్మ కట్టె పొడుచుకుంటూ, బుట్ట చంకన పెట్టుకుని వచ్చింది.

పాస్టరు అయ్యగారు పల్లెలు తిరుగుతూ ఉండటంతో రెండు ఆదివారాలు వేలం జరగలేదు. ఆమె బుట్టలో పదమూడు గుడ్లున్నాయి. తెగులు రాకముందువే.

"అయ్యగారిని అడిగిన" అంది దీనమ్మ. ఆయాసంతో గుమ్మంలోనే కూర్చుంది. "ఇవి ప్రభువుయి, నా కొడుక్కి పెడితే తప్పా అని అడిగిన. కృపానందం అయ్యగారు ఏమన్నడో ఎర్కేనా? దేవుడు గుడ్లు తినడు గదమ్మా, తీస్కపో అన్నడు."

"మంచిగనే అన్నడు" అంది మార్తమ్మ.

"ఇవి అడుక్కు పెట్టు బిడ్డా. నీ గుడ్లు ముందుగాల తాగనీ. ఆఖరుకు నాయి రావాలె. దేవుని గుడ్లు తాగి నా కొడుకు ఇంటికి రావాలె."

మార్తమ్మ బుట్ట మీది గుడ్డ తీసి మొదటి గుడ్డును చేతిలోకి తీసుకుంది. కోడి పెట్టిన గుడ్డుకు కంటికి ఆనని ఒక పొర ఉంటుంది. ఆరిన సున్నంలా అది వేలికి కొద్దిగా గరుకుగా తగులుతుంది. ఈ గుడ్డు నున్నగా జారింది. రెండోదీ అంతే. నీళ్లు తగిలిన గుడ్డు నిలవదని ఆమెకు తెలుసు. చల్లనీళ్లు తగిలితే పెంకు లోపలికి పీల్చుకుంటుందని, పదిహేను రోజులకో ఇరవై రోజులకో లోపల పని మొదలవుతుందని, ఒక్కటి పగిలితే కుండంతా పాడవుతుందని వాడందరికీ తనే చెప్పేది. ఆదివారానికి ఆదివారం అమ్ముడుపోయి ఆ పూటే వండుకునే గుడ్లు కడిగినా కడగకున్నా ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. అందుకే ఇన్నేళ్లు ఆ సంగతి బయటపడలేదు.

అడగాలనుకుని తలెత్తింది. దీనమ్మ గుమ్మంలో కట్టెను రెండు చేతులతో పట్టుకుని, కుండ ఉన్న దిక్కుకు ముఖం పెట్టి నవ్వుతూ ఉంది. కొడుకు దవాఖానలో చేరినప్పటి నుంచి ఆ ముఖంలో నవ్వు చూడటం అదే మొదటిసారి. తన భ్రమేమో, ముసలామె చేతిలో తిరిగి తిరిగి నున్నబడ్డాయేమో అని మార్తమ్మ తనకు తాను చెప్పుకుంది. పదమూడింటినీ ఒక్కొక్కటిగా కుండ అడుగున నిలబెట్టింది. వాటి మీద తన ఇరవై తొమ్మిది పేర్చింది. సున్నపు తేట నాలుగు వేళ్ల ఎత్తు పైకి వచ్చేటట్టు పోసి, మూకుడు బోర్లించింది.

ఆ మరునాటి నుంచి ప్రతి పొద్దున కుండలోంచి ఒక గుడ్డు తీసి, తలుపు రంధ్రం దగ్గర చూసి, చిన్న పలకలో నిలబెట్టుకుని, ఎండ ముదరకముందే దవాఖానకు నడిచేది. వార్డులో సిస్టరమ్మ గిలాసలో పాలు పోసి ఉంచేది. మార్తమ్మ గుడ్డు మీది సున్నాన్ని అక్కడే నీళ్లతో కడిగి, పగలగొట్టి, వాసన చూసి, పాలలో కలిపి ఇచ్చేది.

"ఇయ్యాల ఎవరిది తెచ్చినవే?" అనేవాడు యోసేపు లేచి కూర్చుంటూ. "పొడుగ్గ ఉన్నదంటే ఎర్రదానిది. పాపం, అది సచ్చి కూడ నాకు తిండి పెడ్తాంది."

"సచ్చిన దాని ముచ్చట ఎందుకు? తాగు."

పక్క మంచం మీద పరకాల నుంచి వచ్చిన ఉప్పలయ్య ఉండేవాడు. కూలి చేసుకునే మనిషి. అతని భార్య రాజక్క పక్షానికొకసారి వచ్చి చూసి పోయేది. అతనికి దవాఖాన పాలు తప్ప పైన ఏమీ లేవు.

"యోసేపన్నా, గుడ్డు తాగి కూత పెట్టేవు, వార్డు వార్డంత లేస్తది" అనేవాడు ఉప్పలయ్య.

"చూసినవా మార్తా, తమ్ముడు రోజు నా గిలాస దిక్కే చూస్తాండు, పిల్లి లెక్క."

"చూస్తే తక్కువైతదా అన్నా? తాగు, తాగు. నువ్వు పోయినంక ఈ మంచం మీద ఎవడొస్తడో ఏమో. నీ అంత మంచోడైతే రాడు."

"నేను మిర్గానికి ఇంటికి పోయినంక నీకు ఒక కుర్చీ చేసి పంపిస్త. దాంట్ల కూసొని పాలు తాగు."

నవ్వితే దగ్గు వస్తుందని ఇద్దరూ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వేవారు. మార్తమ్మ ఖాళీ గిలాస తీసుకుని, అడుగున మిగిలిందేమో చూసి కడిగి పెట్టేది. మొదటి పది రోజులు అతని చేతి ఎముకల మీద కొంచెం కండ పట్టినట్టే అనిపించింది. ఇంటికి రాగానే దీనమ్మ అడిగేది, "ఇంక నా గుడ్ల దాక రాలే?"

"రాలే అత్తమ్మా. పైనియే ఉన్నయి."

ఇరవయ్యో రోజు పొద్దున మూకుడు ఎత్తగానే వాసన కొట్టింది. పదిహేనేళ్ల కింద పాస్టరు గారి భోజనం నాటి వాసన అది. పైనున్న తేట పాలలాగా విరిగిపోయి ఉంది. అడుగు నుంచి ఒక పసుపుదార పైకి పాకింది.

దీనమ్మ అప్పుడు ప్రమీల ఇంట్లో ప్రార్థనకు పోయి ఉంది. మార్తమ్మ ఒక్క నిమిషం మూకుడు చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుంది. తర్వాత చేతులు వాటంతట అవే పనిలోకి దిగాయి. పైవరస తీసింది. అవి తనవి, పది ఉన్నాయి. ఒక్కొక్కటి వేరే సున్నపు తేటలో ముంచి, తలుపు మూసి రంధ్రం దగ్గర పట్టింది. పదీ తేటగా ఉన్నాయి. అడుగువి తీసింది. ఒకటి పగిలి అట్టకట్టింది. వెలుగు దగ్గర తొమ్మిది నల్లగా ఉన్నాయి. మిగిలిన మూడింటిలో నల్లదనం లేదు, తేటదనమూ లేదు. ఇంకొకరి కోసమైతే పగలగొట్టి చూసేదేమో. పచ్చిగా తాగే మనిషి కోసం వాటిని నమ్మలేదు. పదమూడూ పెరటి గోడ అవతల గుంట తీసి పూడ్చింది. కుండ పారేసి, కొత్త కుండకు మళ్లీ సున్నం పూసింది. పాలంపేటలో ఉన్న మేనత్తకు, అటువైపు పోయే బండివాడితో గుడ్ల కోసం కబురు పంపింది.

పది గుడ్లు. మృగశిరకు ఇంకా ఇరవై రోజులు.

దీనమ్మ వచ్చి గుమ్మంలో ఆగింది. "ఏంది మార్తా ఈ కంపు?"

"గోడల ఎలుక సచ్చింది."

"పూడ్చినవా?"

"పూడ్చిన."

ముసలామె కాసేపు నిలబడి, ముక్కుతో గాలి పీల్చి, లోపలికి పోయింది. ఆ రోజు ఆమె తన గుడ్ల సంగతి అడగలేదు. మరునాడు అడిగింది. మార్తమ్మ రాలేదనే చెప్పింది.

మేనత్త నుంచి జవాబు రాలేదు. మార్తమ్మ సగం గుడ్డు ఇద్దామా, రోజు విడిచి రోజు ఇద్దామా అని నడిచే దారంతా లెక్కలు వేసుకునేది. వార్డులో అడుగు పెట్టి, మంచం మీద అతణ్ణి చూశాక ఆ లెక్క పోయేది. గుడ్డంతా పగలగొట్టి పోసేది. మొదట పట్టిన కండ కరిగిపోయింది. మాటలు మాత్రం ఉన్నాయి. ఆరో రోజు పాలు సగం తాగి, "ఇంక చాలే, కడుపు నిండింది" అని, ఆమె మళ్లీ ముందుకు పెడితే, ఆమె ముఖం చూసి మిగతాదీ తాగాడు. "ఇంత మంచి గుడ్డు పారబోస్తే నన్ను నీ తలుపు బొక్కల నుంచి చూసి పారేస్తవు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం మార్తమ్మ కుండ చుట్టూ ఇసుకకు నీళ్లు పోస్తూ ఉండగా కృపానందం అయ్యగారు సైకిలు దిగి, దాన్ని గోడకు ఆనించి, టోపీ తీసి నిలబడ్డారు.

"చేతులు కడుక్కొని వస్తనయ్యగారు" అంది మార్తమ్మ.

యోసేపును సమాధి చేసిన నాలుగో రోజుకు వచ్చిపోయేవాళ్లు తగ్గారు. ఇంట్లో ఇద్దరే మిగిలారు. యోసేపు ఉలులు, బాడిసె గోడకు వేలాడుతూనే ఉన్నాయి. పొద్దున ఎండ తలుపు రంధ్రంలోంచి వచ్చి ఎదుటి గోడ మీద గుండ్రంగా పడింది. దీనమ్మ ఆ వెలుగును చూడలేదు గాని, అటే ముఖం పెట్టి కూర్చుంది.

"మార్తా" అంది. "కుండల నా గుడ్లు ఉన్నయి గద. నా దాక రానే లేదు. పదమూడు. వానికి అక్కెర రానియి వార్డుల ఎవరికన్న ఇద్దాం. పాడు చేసుకునుడెందుకు?"

ఏ మాట చెప్పాలో మార్తమ్మ నాలుగు రోజులుగా వెతుకుతోంది. దీనమ్మ లేచి, గోడ పట్టుకుని చలువ మూలకు పోయి, మోకాళ్ల మీద కూర్చుని మూకుడు తీసింది. చెయ్యి సున్నపు తేటలో మోచేతి దాకా దించింది. అడుగంతా తడిమింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. మళ్లీ మొదటి నుంచి తడిమింది.

"నాలుగే ఉన్నయేందే?"

మార్తమ్మ దగ్గరకు వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ దినం సచ్చింది ఎలుక కాదు గద" అంది దీనమ్మ.

"కాదత్తమ్మా."

ముసలామె చెయ్యి నీళ్లలోనే ఉంది. "నేను కడిగిన" అంది. "ఎప్పటికి కడుగుత. నువ్వు కడగొద్దంటవని తెలుసు. అమ్ముకునేటియి ఎట్లనన్న ఉండనీ అనుకున్న. దేవునికిచ్చేటియి రెట్టతోని ఎట్ల ఇయ్యాలె? బావినీళ్లతోని కడిగి తెల్లగుడ్డతోని తుడిచిన. చూపు లేకున్న రుద్ది రుద్ది కడిగిన."

"నాకు తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"కుండల పెట్టేటప్పుడే. చేతికి నున్నగ తగిలినయి. అడుగుదామనుకున్న, అడుగలే."

"ఎందుకడుగలే?"

"నువ్వు నవ్వుకుంట నిలబడ్డవు" అంది మార్తమ్మ. "నా చెయ్యి చెప్పింది నేను ఇనలే. తప్పు నీ ఒక్కదానిది కాదు."

దీనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి, చప్పుడు రాలేదు. కొంగు తీసి, అసలు అడగదలచుకున్నది అడిగింది.

"నా కొడుక్కి తక్కువైనయా బిడ్డా?"

మార్తమ్మ ఆమె చేతిని నీళ్లలోనే పట్టుకుని, ఆ నాలుగు గుడ్ల మీద ఆనించింది. "తక్కువైతే ఇవెందుకు మిగుల్తయి? ఒక్క దినం గూడ తప్పలే. ఆఖరు దినం గూడ గిలాస అడుగుదాక తాగిండు. నేను నా చేతులతోని పోసిన."

ముసలామె ఆ నాలుగింటినీ మళ్లీ ఒక్కొక్కటిగా తాకింది. తర్వాత చెయ్యి బయటికి తీసింది. చేతిమీద సున్నం తెల్లగా ఆరుతూ ఉంటే, "ఇవి మంచిగున్నయా?" అని అడిగింది.

"సూడాలె."

మార్తమ్మ తలుపు మూసింది. యోసేపు కొట్టిన రంధ్రం దగ్గర గుడ్డు పట్టి మెల్లగా తిప్పింది. మొదటిది తేటగా ఉంది. రెండోదీ, మూడోదీ తేటగా ఉన్నాయి. నాలుగోదానికి గాలి అర పెద్దదయింది, లోపల సొన ఒక పక్కకు ఒరిగింది. దాన్ని పక్కన పెట్టేసింది. మూడింటిని చిన్న పలకలో, సన్నకొన కిందికి నిలబెట్టింది. ఆరు రంధ్రాల్లో మూడు ఖాళీ.

"నేను గూడ వస్త" అంది దీనమ్మ.

రెండు కోసుల దారి ఆమెకు చాలా ఎక్కువ. అయినా మార్తమ్మ వద్దనలేదు. నీడ దొరికిన ప్రతిచోటా కూర్చుంటూ, లేస్తూ పోయారు. పలకను కాసేపు మార్తమ్మ పట్టుకునేది, కాసేపు ముసలామె రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకునేది. పడమర పక్కన మబ్బు లేచింది గాని, వాన పడే మబ్బు కాదు. దవాఖాన గేటు దాటేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

యోసేపు మంచం మీద వేరే మనిషి పడుకుని ఉన్నాడు. చాలా చిన్నవాడు, గోడవైపు తిరిగి ఉన్నాడు. ఉప్పలయ్య వాళ్లను చూసి లేచి కూర్చున్నాడు. దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"వదినె, కూసోండ్రి" అన్నాడు. "పెద్దమ్మ గూడ వచ్చిందా."

"నీకే తెచ్చినం" అంది మార్తమ్మ. "మూడు ఉన్నయి."

ఉప్పలయ్య పలక వైపు చూశాడు. "అన్న ఊకె అనేటోడు, నేను గిలాస దిక్కు చూస్తనని. పరాచికానికే చూసేటోణ్ణి వదినె."

"తెలుసు."

సిస్టరమ్మ ఎనామెల్ గిన్నె తెచ్చింది. గుడ్ల మీద సున్నం తెల్లగా పట్టి ఉండటం చూసి, ఒకటి తీసుకుని నల్లా వైపు తిరిగింది. గుడ్డు పలకలోంచి లేచిన చప్పుడు, అడుగుల చప్పుడు, నల్లా విప్పబోయే చప్పుడు దీనమ్మకు వినిపించాయి.

"కడగకు బిడ్డా" అంది. గొంతు పెద్దగా లేదు, కాని సిస్టరమ్మ ఆగింది. "ఇప్పుడు కడగకు. పగలగొట్టేటప్పుడే కడగాలె. కడిగి పెడితే నిలువయి."

సిస్టరమ్మ మార్తమ్మ వైపు చూసింది. మార్తమ్మ తలూపింది. సిస్టరమ్మ చేతిలోని గుడ్డును తీసుకుని, గిన్నె అడుగున మడత గుడ్డ పరిచి, దాని మడతలో సన్నకొన కిందికి నిలబెట్టింది. రెండోది, మూడోది కూడా అట్లాగే నిలబెట్టింది. "నీడకు పెట్టాలె సిస్టరమ్మా, కిటికీ దగ్గర వద్దు. దినాంకొకటి, పాలల్ల" అంది. సిస్టరమ్మ గిన్నెను రెండు చేతులతో అందుకుని, గోడ అలమారలో పెట్టి తలుపు మూసింది.

మార్తమ్మ ఖాళీ పలకను చంకన పెట్టుకుని, అత్త చెయ్యి పట్టుకుంది.